అమ్ముతారా? ఉంచుతారా?

మృగశిర కార్తెలో రైతు ఆకాశము వంక చూచినట్లు, ఆగస్టు నెలలో ఇంగ్లండు ఫుట్‌బాల్ అభిమాని తన క్లబ్బు కార్యాలయము వంక చూచును. రైతుకు వాన రావలెనని ఆరాటము. అభిమానికి ఎవరును పోరాదని ఆరాటము. ఆటగాళ్ళ క్రయవిక్రయములకు అక్కడ వేసవిలో ఒక గడువు కలదు. ఆ గడువు తీరువరకు పెద్ద క్లబ్బులు తమకంటె చిన్న క్లబ్బుల గడప త్రొక్కుచునే యుండును. నిన్నటి వరకు మన చొక్కా తొడిగిన కుర్రవాడు రేపు ఎవరి చొక్కా తొడుగునో చెప్పలేము.

2015వ సంవత్సరము వేసవిలో ఈ ఆరాటము లివర్‌పూల్ నగరములోని ఎవర్టన్ క్లబ్బు అభిమానులను పట్టి కుదిపినది. ప్రశ్న ఒక్కటే: జాన్ స్టోన్స్‌ను అమ్ముతారా, ఉంచుతారా?

ఎవర్టన్ సామాన్యమైన క్లబ్బు కాదు. 1878లో ఒక చర్చికి చెందిన కుర్రవాళ్ళు పెట్టుకొన్న జట్టు అది. అదే నగరములోని లివర్‌పూల్ క్లబ్బుకంటె వయస్సులో పెద్దది. 1892 మొదలు 2025 వరకు గుడిసన్ పార్క్ మైదానమే దాని ఇల్లు. ఆ మైదానము మూలను ఆనుకొని ఒక చర్చి, చుట్టూ ఇరుకైన ఇటుక ఇండ్ల వీథులు. తాత కూర్చున్న వరుసలోనే మనుమడును కూర్చుండి ఆట చూచిన కుటుంబములు అక్కడ ఎన్నో. బంతిని పొందికగా ఒకరికొకరు అందించుకొను వారి ఆటతీరును చూచి వెనుకటివారు ఆ క్లబ్బుకు ‘శాస్త్ర పాఠశాల’ అని ముద్దుపేరు పెట్టినారు. ఉత్తమమైనది తప్ప మరేదియు చాలదని దాని చిహ్నముపై లాటిను భాషలో వ్రాసియున్నది. తొమ్మిది పర్యాయములు దేశమునకు విజేత యైనది. కాని ఆ తొమ్మిదవ పర్యాయము 1987లో. ఆ తరువాత పెద్ద గెలుపు 1995 నాటి ఎఫ్.ఎ. కప్పు ఒక్కటే. ఘనత గోడమీద మిగిలినది. ధనము మరియొకచోటికి పోయినది.

అట్టి ఇంటికి వచ్చిన కుర్రవాడు స్టోన్స్. యార్క్‌షైరులో బొగ్గుగనుల పట్టణమైన బార్న్‌స్లీలో 1994లో పుట్టి, ఆ ఊరి క్లబ్బులోనే ఆట నేర్చి, 2013 జనవరిలో పద్దెనిమిదేండ్ల వయస్సున ఎవర్టన్ చేరినాడు. ఎవర్టన్ అతనికై చెల్లించినది సుమారు 30 లక్షల పౌన్లు. మరుసటి యేడే ఇంగ్లండు జట్టులో ఆడినాడు. 2014 ఆగస్టులో, 2019 వరకు క్లబ్బులో ఉందునని క్రొత్త ఒడంబడికపై సంతకము చేసినాడు.

డిఫెండరు పని ఏమిటి? గోలు ముందర గోడవలె నిలుచుట. వచ్చిన బంతిని ఎంత దూరము వీలైన అంత దూరము తన్ని పారవేయుట. తరతరములుగా ఇంగ్లండులో ఈ వృత్తికి ఇదే ధర్మము. స్టోన్స్ అట్లు చేయలేదు. ప్రత్యర్థి మీదికి ఉరికి వచ్చుచున్నను బంతిని పాదము చెంతనే ఉంచుకొని, తలయెత్తి, తన జట్టులో ఎవరు ఖాళీగా ఉన్నారో చూచి, అప్పుడు అందించును. రక్షణలోనుండియే దాడిని మొదలుపెట్టు ఈ పద్ధతిలో అందము ఎంతో, అపాయమును అంతే. శాస్త్ర పాఠశాల పేరు మరల నిలబెట్టగల విద్యార్థి దొరికినాడని పాతకాపులు మురిసిపోయినారు.

చెల్సీ కబురు

అప్పటికి దేశ విజేతయైన లండను క్లబ్బు చెల్సీ 2015 వేసవిలో అతనిని అడిగినది. ఎవర్టన్ కాదన్నది. ధర పెంచి మరల అడిగినది, మరల కాదన్నది. బేరము 3 కోట్ల పౌన్ల వరకు పోయినదని పత్రికలు వ్రాసినవి. అధ్యక్షుడు బిల్ కెన్‌రైట్, శిక్షకుడు రాబెర్టో మార్టినెజ్, కుర్రవాడు అమ్మకమునకు లేడని ఒకే మాటపై నిలిచినారు. గుడిసన్ పార్క్‌లో అభిమానులు ఒక పతాకము ఎత్తినారు. ధనము పెట్టి స్టోన్స్‌ను కొనలేరని దాని తాత్పర్యము. అది తమ ఊరి బీటిల్స్ వారి ఒక ప్రసిద్ధమైన పాట పేరుతో ఆడిన మాటల చమత్కారము.

అంతలో ఆగస్టు చివరి వారములో పిడుగువంటి వార్త వచ్చినది. తనను పోనిమ్మని స్టోన్స్ స్వయముగా వ్రాతపూర్వకముగా కోరినాడు. పతాకము ఎత్తిన చేతులు ఒక్క క్షణము సడలినవి. ఇంతకాలము బయటివాడు తలుపు తట్టుచున్నాడని కోపము. ఇప్పుడు లోపలివాడే గడియ తీయుచున్నాడు!

బస్సులలో, పబ్బులలో, వీథి మొగలలో, ఆటకు పోవు దారిలో ఆ వారమంతయు ఇదే చర్చ. వాదములు ప్రధానముగా మూడు తీరులు.

మొదటిది ఉంచవలెనను వాదము. వీరికి 2004 నాటి గాయము ఇంకను మానలేదు. ఎవర్టన్ ఒడిలో పెరిగిన వేన్ రూనీ, నీలిరంగువాడు ఎప్పటికిని నీలిరంగువాడేనని చొక్కాపై వ్రాసి చూపిన కుర్రవాడు, పద్దెనిమిదేండ్లకే మాంచెస్టర్ యునైటెడ్‌కు పోయినాడు. ఒకనిని అమ్మినచో రెండవవాడు దారి నేర్చును. పిమ్మట క్లబ్బు క్లబ్బుగా ఉండదు, పెద్దవారి పెరటి తోట యగును అని వీరి భయము.

రెండవది అమ్మవచ్చునను వాదము. మనస్సు లేనివానిని కట్టివేసి ఏమి ప్రయోజనము? గోలులు కొట్టువాడైనచో వేరు. ఒక్క డిఫెండరుకు 3 కోట్లు వచ్చుచున్నప్పుడు, ఆ ధనముతో ముగ్గురిని కొని జట్టు బలపరచుకొనరాదా? ఇంటిదీపమని ముద్దుపెట్టుకొన్న మూతి కాలదా?

మూడవది కుర్రవాని పక్షము. అతనికి 21 ఏండ్లు. ఆటగాని కాలము పదునైదేండ్లు దాటుట అరుదు. మోకాలు విరిగినచో అదియు లేదు. విజేత జట్టు పిలిచినప్పుడు పోగోరుట ద్రోహమా? క్లబ్బులు పనికిరాని ఆటగానిని ఒక్క ఉత్తరముతో సాగనంపుచున్నవి కదా. విశ్వాసము ఒక్కవైపు నుండియే రావలెనా?

నాలుగవ మాట ఒకటి కలదు. గుడిసన్ వీథులలో అది అంతగా వినబడలేదు; చెప్పవలసినవారు బార్న్‌స్లీలో ఉన్నారు. చెల్సీ ఎవర్టన్‌ను అడిగినట్లే, రెండేండ్ల క్రిందట ఎవర్టన్ బార్న్‌స్లీని అడిగినది. అప్పుడు ఆ గనుల పట్టణములోను ఎవరో ఒక తండ్రి తన కుమారునికి, ఆ ఆటగాడు ఇక మన ఊరివాడు కాడని చెప్పియే యుండును. చిత్రమేమనగా, స్టోన్స్ ఉత్తరము ఇచ్చిన ఆ వారములోనే లీగ్ కప్పు పోటీలో ఎవర్టన్ బార్న్‌స్లీకి పోయి ఆడినది. దోచుకొనబడుచున్నామని మొరపెట్టుచున్నవారు, తాము కొనుక్కొన్న ఊరికే అతిథులై పోయినారు.

ఉంచిన తరువాత

గడువు తీరినది. ఎవర్టన్ అమ్మలేదు. పది దినములు తిరిగిన పిమ్మట, సెప్టెంబరు 12న, చెల్సీయే గుడిసన్ పార్క్‌కు వచ్చినది. మధ్యలో దిగిన స్టీవెన్ నైస్మిత్ మూడు గోలులు కొట్టగా ఎవర్టన్ 3-1తో గెలిచినది. రక్షణలో స్టోన్స్ ఉన్నాడు. ఉంచవలెనన్నవారికి అది పండుగ దినము. ఉత్తరము సంగతి ఎవరును ఎత్తలేదు.

ఐనను కథ అచ్చట ముగిసినచో ఇంత చెప్పుకొనవలసిన పని లేదు. 2016 జనవరి 3న అదే మైదానములో టాటెన్‌హామ్‌తో ఆట. చెరియొక గోలు, ఆట ముగియవచ్చుచున్నది. బంతి ఎవర్టన్ గోలు ముందర స్టోన్స్ పాదములకు వచ్చినది. మరియొకడైనచో కళ్ళు మూసుకొని దూరముగా తన్నును. స్టోన్స్ తన్నబోయినట్లు నటించి, బంతిని కాలి వెనుకకు లాగి, గిర్రున తిరిగినాడు. హాలెండు ఆటగాడు యోహన్ క్రైఫ్ 1974 ప్రపంచ కప్పులో లోకమునకు చూపిన విద్య అది. సొంత గోలు ముందర చేయదగినది కాదు. జనము గుండె జారినది. వేల గొంతుకలు ఒక్కసారిగా గద్దించినవి. స్టోన్స్ వారి వంక తిరిగి, నెమ్మది, నెమ్మది అన్నట్లు చేతులు ఆడించినాడు.

ధనముతో కొనలేరని పతాకము ఎత్తినది ఈ జనమే. మూడు మాసములు తిరుగకముందు నుండియే అతని ధైర్యమును చూచి విసుగుకొనుచున్నదియు ఈ జనమే. ఏ విద్యను చూచి అతనిని అమ్మవద్దన్నారో, ఆ విద్యనే ప్రదర్శింపవద్దన్నారు. ఉంచుకొనుట వేరు, పెంచుట వేరు. నేర్చుకొనువానికి తప్పు చేయుటకు చోటు కావలెను. గెలుపు కరవైన ఇంటిలో ఆ చోటు చిన్నది. ఆ యేడు ఎవర్టన్ పదునొకండవ స్థానములో నిలిచినది. ఆట ఋతువు ముగియకముందే మార్టినెజ్ కొలువు పోయినది.

2016 ఆగస్టు 9న స్టోన్స్ మాంచెస్టర్ సిటీకి పోయినాడు. ధర 4 కోట్ల 75 లక్షల పౌన్లు. 2019 వరకు అన్న ఒడంబడిక కాగితములలోనే మిగిలినది. అమ్మకములో తనకును భాగము ఉండవలెనని బార్న్‌స్లీ మొదటనే షరతు పెట్టుకొన్నది; దానివలన ఆ చిన్న క్లబ్బుకు ముట్టినది సుమారు 70 లక్షలని పత్రికలు వ్రాసినవి. తాము మొదట అమ్మిన ధర కిది రెండింతలకంటె ఎక్కువ. ఈ బేరమంతటిలో నిజముగా తెలివిగలవారు వారే కావచ్చును.

ధనము పోయిన దారి

వచ్చిన ధనముతో జట్టు బలపడునన్న వాదము ఏమైనది? స్టోన్స్ స్థానములో ఆ వారములోనే సుమారు 1 కోటి 20 లక్షలకు ముప్పదియేండ్లు దాటిన ఆష్లే విలియమ్స్‌ను కొన్నారు. రెండేండ్లకే అతడు మరియొక క్లబ్బుకు బదులుగా పోయినాడు. సుమారు రెండున్నర కోట్లకు యానిక్ బొలాసీని కొన్నారు. ఆ డిసెంబరులోనే మోకాలు చెడి అతడు ఏడాదికి పైగా ఆటకు దూరమైనాడు. మొదటి యేడు జట్టు ఏడవ స్థానమునకు ఎగబ్రాకిన మాట నిజమే. కాని ఆ పిదప క్రొత్త యజమాని ధనము, అమ్మకముల ధనము కలిపి పెట్టిన ఖర్చునకు అంతు లేకపోయినది. ఏటి ఈతకు లంక మేతకు సరియైనది.

దాని ఫలితము 2023లో కనబడినది. మూడేండ్లలో 10 కోట్ల 50 లక్షల పౌన్లకు మించి నష్టపడరాదని ప్రీమియర్ లీగ్‌లో ఆనాడు నియమము. ఎవర్టన్ ఆ గీతను 1 కోటి 95 లక్షలు దాటినదని తేలినది. నవంబరులో 10 పాయింట్లు కోసినారు. అప్పీలుపై అది 6కు తగ్గినది. 2024 ఏప్రిలులో మరియొక లెక్కకై ఇంకొక 2 పాయింట్లు పోయినవి. అప్పుచేసి పప్పుకూడు తిన్న ఇంటికి అప్పులవాడు వచ్చినట్లైనది.

అట్టి సమయమున మరల అదే ప్రశ్న. ఈసారి కుర్రవాడు జారడ్ బ్రాన్‌త్‌వైట్. కార్లైల్ పట్టణపు బిడ్డ. 2020 జనవరిలో సుమారు 10 లక్షల పౌన్లకు వచ్చి, 2023-24లో రక్షణకు మూలస్తంభమైనవాడు. 2024 వేసవిలో మాంచెస్టర్ యునైటెడ్ రెండు పర్యాయములు అడిగినది.

ఈసారి చర్చలో ఒక క్రొత్త శాస్త్రము చేరినది: పద్దుల శాస్త్రము. ఒక ఆటగానిని 3 కోట్లకు ఐదేండ్ల ఒడంబడికపై కొన్నచో, పద్దులో ఏటికి 60 లక్షలు ఖర్చుగా వ్రాయుదురు. అమ్మినచో, పద్దులో ఇంకను మిగిలిన విలువ తీసివేయగా వచ్చినదంతయు ఆ యేటి లాభమే. కాబట్టి ఎక్కువకు కొన్నవానిని అమ్మిన లాభము కొంచెమే. ఇంట పెరిగినవానిని, లేక చౌకగా తెచ్చి పెంచినవానిని అమ్మినచో ధర దాదాపు అంతయు లాభమే. నష్టమును పూడ్చుకొనవలసిన క్లబ్బుకు అన్నిటికంటె అమ్ముడుపోదగిన సరుకు, అన్నిటికంటె ప్రియమైన బిడ్డయే. గుడిసన్ వీథులలో వడ్రంగులు, బస్సు డ్రైవర్లు ఆ వేసవిలో గుమాస్తాలవలె ఈ లెక్కలు వల్లించినారు.

ఎవర్టన్ రెండు పర్యాయములును కాదన్నది. మధ్య వరుసలో ఆడు అమాడూ ఒనానాను ఆస్టన్ విల్లాకు అమ్మి ధనము తెచ్చుకొన్నది, బ్రాన్‌త్‌వైట్‌ను ఉంచుకొన్నది. 2025 మే 18న పురుషుల జట్టు గుడిసన్ పార్క్‌లో చివరి ఆట ఆడి, సౌతాంప్టన్‌పై 2-0తో గెలిచి, మెర్సీ నది ఒడ్డున కట్టిన క్రొత్త మైదానమునకు తరలిపోయినది. ఆ జూలైలో బ్రాన్‌త్‌వైట్ 2030 వరకు ఒడంబడికపై సంతకము చేసినాడు.

స్టోన్స్ మాంచెస్టర్‌లో ఆరు లీగ్ విజయములలో పాలుపంచుకొన్నాడు. 2023 జూన్ 10న ఇస్తాంబుల్‌లో యూరపు విజేతను తేల్చు ఆటలో, డిఫెండరైన అతడు మైదానము నడుమకు వచ్చి, జనము వద్దన్న ఆ నిబ్బరముతోనే బంతిని నడిపించినాడు. గెలిచినది అతని జట్టే. పై చదువుకు పట్నము పంపిన పల్లె బడి పంతులు, పరీక్ష ఫలితములలో ఆ పిల్లవాని పేరు వెదకికొన్నట్లు, ఎవర్టన్ వృద్ధులలో ఆ రాత్రి ఆట చూచినవారు లేకపోలేదు. వారికంటె ముందు చూడవలసినవారు బార్న్‌స్లీవారు.