గంజాం ఇసుకలో కరెంటు బండి

పెట్రోలు బండి స్థానంలోకి కరెంటు బండి రావాలంటే ఇంజన్ పోయి మోటారు రావాలి, ట్యాంకు పోయి బ్యాటరీ రావాలి. ఆ బ్యాటరీని నింపే కరెంటు ఎక్కడి నుంచి వస్తుందన్నది అంతకంటే ముఖ్యం. ఒడిశాలోని గంజాం జిల్లాకు ఈ వ్యవహారంతో చాలామందికి తెలియని దగ్గరి సంబంధం ఉంది. కరెంటు కార్ల మోటార్లలో ఎక్కువ వాటికి కావలసిన లోహాలు అక్కడి ఛత్రపురం తీరపు ఇసుకలో దొరుకుతాయి.

ఐ.ఆర్.ఇ.ఎల్. అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ 1950లో ఇండియన్ రేర్ ఎర్త్స్ పేరుతో పుట్టింది. ఛత్రపురం దగ్గర దానికి ఒరిస్సా శాండ్స్ కాంప్లెక్స్ అనే పెద్ద కర్మాగారం ఉంది. 1980ల నుంచి అక్కడ తీరపు ఇసుకను తవ్వి, నీటితో కలిపి, మెలికలు తిరిగిన తొట్టెల గుండా పారిస్తున్నారు. తేలిక ఇసుక ఒకవైపు, బరువైన ఖనిజాలు ఇంకొకవైపు విడిపోతాయి. తర్వాత అయస్కాంతాలతో, విద్యుదావేశంతో ఒక్కొక్క ఖనిజాన్ని వేరు చేస్తారు. వీటిలో ఎక్కువ భాగం ఇల్మనైట్. రంగుల పరిశ్రమకు కావలసిన తెల్లపొడి దాని నుంచే వస్తుంది. గార్నెట్, సిల్లిమనైట్, జిర్కాన్, రూటైల్ కూడా ఉంటాయి. చివరగా కొద్దిపాటి మోనజైట్ మిగులుతుంది. అరుదైన మృత్తిక లోహాలు, వాటితోపాటు థోరియం ఉండేది ఈ మోనజైట్‌లోనే. థోరియం అణు ఇంధనానికి పనికివచ్చేది కాబట్టి మోనజైట్‌ను ప్రైవేటు వారి చేతికి ఇవ్వరు.

మోనజైట్‌లోని అరుదైన లోహాల్లో దాదాపు అయిదో వంతు నియోడైమియం, ప్రసియోడైమియం. ఇనుము, బోరాన్‌లతో కలిస్తే వీటి నుంచి ప్రపంచంలోకెల్లా బలమైన శాశ్వత అయస్కాంతం తయారవుతుంది. ఈ సంగతి 1980ల మొదట్లో జపాన్‌లోనూ అమెరికాలోనూ విడివిడిగా కనిపెట్టారు. చిన్న మోటారుతో పెద్ద బలం రాబట్టగలుగుతున్నది దీనివల్లే. ఒక్కో కారు మోటారులో ఇలాంటి అయస్కాంతం కిలో నుంచి రెండు కిలోల దాకా పడుతుంది.

ఖనిజం చేతిలో ఉన్నా అయస్కాంతం మాత్రం బయటి నుంచే రావడం ఈ కథలో బాధ కలిగించే విషయం. ఛత్రపురంలో మోనజైట్‌ను కాస్టిక్ సోడాతో మరిగించి అరుదైన లోహాల మిశ్రమాన్ని తీస్తారు. కేరళలోని ఆలువాలో దాన్ని లోహం వారీగా విడదీస్తారు. కార్లకు కావలసిన అయస్కాంతాన్ని పెద్ద ఎత్తున చేసే మెట్టు దగ్గరే దేశం ఆగిపోయింది. ప్రపంచంలో ఈ అయస్కాంతాల్లో సుమారు 90 శాతం చైనాలో తయారవుతాయి. 2025 ఏప్రిల్‌లో చైనా కొన్ని అరుదైన లోహాల ఎగుమతిపై ఆంక్షలు పెట్టాక మన స్కూటర్ల కంపెనీలు కొన్ని ఉత్పత్తి తగ్గించుకోవలసి వచ్చింది. విశాఖపట్నంలో ఐ.ఆర్.ఇ.ఎల్. పెట్టిన అయస్కాంతాల కర్మాగారాన్ని 2023 మే నెలలో జాతికి అంకితం చేశారు కానీ, అందులో తయారయ్యేది సమేరియం–కోబాల్ట్ రకం. అది ప్రధానంగా రక్షణ, అంతరిక్ష రంగాలకు. 2025 నవంబరులో కేంద్రం 7,280 కోట్ల రూపాయలతో, ఏడాదికి 6,000 టన్నుల అయస్కాంతాల తయారీకి పథకం ఆమోదించింది. అయితే మోటారు వేడెక్కినప్పుడు అయస్కాంతం బలం కోల్పోకుండా కాపాడే డిస్ప్రోసియం లాంటి బరువు లోహాలు మన తీరపు మోనజైట్‌లో చాలా తక్కువ. ఈ అయస్కాంతం అక్కర లేని మోటార్లూ ఉన్నాయి. వాటి మీద పరిశోధన పెరగడం మంచిదే.

ఇక కరెంటు మాట. పెట్రోలులోని శక్తిలో ఇంజన్ నాలుగో వంతు మాత్రమే చక్రానికి అందించి మిగతాది వేడిగా వదిలేస్తుంది. మోటారు 85 శాతానికి పైగా అందిస్తుంది. అందువల్లే యూనిట్ కరెంటుతో స్కూటర్ సుమారు 30 కిలోమీటర్లు వెళ్తుంది. కానీ దేశంలో పుట్టే కరెంటులో ఇంచుమించు నాలుగింట మూడు వంతులు బొగ్గు నుంచే వస్తుంది. ఒక్కో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. తీగల్లోనూ చార్జరులోనూ పోయేది కలుపుకుని లెక్క వేస్తే, లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు స్కూటర్‌ కంటే కరెంటు స్కూటర్ వల్ల కాలుష్యం సగం దగ్గరికి తగ్గుతుంది. బరువైన కారు విషయంలో మాత్రం తేడా అంత ఉండదు. దక్షిణ ఒడిశాలో మాచ్‌ఖండ్, బలిమెల, ఇంద్రావతి లాంటి జలవిద్యుత్ కేంద్రాలు ఉన్నా, గ్రిడ్ ఒకటే కాబట్టి గంజాం జిల్లాలోని బరంపురం ఊళ్లో ప్లగ్గులోకి తాల్చేరు బొగ్గు కరెంటు కూడా వస్తుంది. బొగ్గు వాటా తగ్గిన కొద్దీ ఇవాళ కొన్న బండే ఏటేటా శుభ్రపడుతుంది. పెట్రోలు బండికి ఆ అవకాశం లేదు.

గంజాంలో తుపాను సంగతి మరిచిపోకూడదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు స్తంభాలు, తీగలు కూలిపోయి ఊళ్లకు ఊళ్లే చీకట్లో ఉండిపోయాయి. చార్జింగ్ అందని బండి అలాంటి వేళ ఆస్పత్రికి వెళ్లేందుకు పనికిరాదు. పెట్రోలు బంకు కూడా కరెంటు లేకపోతే జనరేటర్ మీదే నడవాలి గానీ, డబ్బాలో దాచిన పెట్రోలు మాత్రం పనికొస్తుంది. కాబట్టి ఈ తీరంలో ఆస్పత్రులకు, పునరావాస కేంద్రాలకు, చార్జింగ్ కేంద్రాలకు సౌర ఫలకాలు, నిల్వ బ్యాటరీలు ముందు కావాలి. ముఖ్యమైన లైన్లను భూమి లోపలికి దించాలి. ఆ పని చేయవలసిన, దక్షిణ ఒడిశాకు కరెంటు ఇచ్చే టాటా పవర్ సదరన్ ఒడిశా సంస్థ కేంద్రం బరంపురంలోనే ఉంది.

పెట్రోలుకు వేరే ప్రత్యామ్నాయాలను కూడా ఈ ప్రాంతం ముందే పరీక్షించింది. బరంపురం దగ్గరి మొహుడా కేంద్రంగా 1979లో మొదలైన గ్రామ్ వికాస్ సంస్థ 1980లలో, 90ల మొదట్లో ఒడిశా పల్లెల్లో 50 వేలకు పైగా గోబర్ గ్యాస్ ప్లాంట్లు కట్టింది. 2004 ప్రాంతంలో కెనడాకు చెందిన బృందంతో కలిసి గజపతి, గంజాం జిల్లాల ఆదివాసీ ఊళ్లలో వలిసె, కానుగ, ఇప్ప గింజల నూనెతో బయోడీజిల్ తయారుచేసింది. సైకిల్ పెడల్ తొక్కి నడిపే యంత్రంలోనే ఇంధనం సిద్ధమయ్యేది. దాంతో పంపు నడిచి ఇళ్లకు నీళ్లు వచ్చేవి. ఊరికి నీళ్లు అందించే ఇంజనుకు ఆ నూనె సరిపోయింది. జిల్లా వాహనాలన్నిటికీ మాత్రం ఈ గింజలు ఏనాటికీ సరిపోవు. గోపాల్‌పూర్‌లో ప్రతిపాదించిన గ్రీన్ అమోనియా కర్మాగారాలు ఎరువులకు, ఓడలకు ఉద్దేశించినవి. కార్లకు అవి జవాబు కావు.

ఒడిశా ప్రభుత్వం 2021లో విద్యుత్ వాహన విధానం ప్రకటించి 2025 నాటికి కొత్త రిజిస్ట్రేషన్లలో 20 శాతం కరెంటు బండ్లు ఉండాలని లక్ష్యంగా పెట్టుకుంది. అది అందలేదు. అందరికీ ఒకే తొందర అవసరం లేదన్నది దీన్నుంచి నేర్చుకోవలసిన విషయం. రోజంతా ఊళ్లోనే తిరిగి రాత్రి ఇంటి దగ్గరో డిపోలోనో ప్లగ్గు పెట్టుకోగలిగిన స్కూటర్, ఆటో, సిటీ బస్సు ఇప్పుడే మారవచ్చు. బరంపురం నుంచి భువనేశ్వర్‌కు 170 కిలోమీటర్లు తరచూ వెళ్లే కారుకు దారిలో నమ్మకమైన చార్జింగ్ ఉండాలి. లారీలకు ఇంకా చాలా కాలం పడుతుంది.

బరంపురం వీధుల్లో మార్పు మొదలైంది బ్యాటరీ రిక్షాలతోనే. అయితే వాటిలో చాలా వాటికి ఉన్నది సీసం బ్యాటరీ, ఏడాది రెండేళ్లలో పాడైపోతుంది. దాన్ని పాత ఇనుము వ్యాపారికి అమ్మితే ఇళ్ల మధ్య సీసం కరిగించడానికి దారి తీస్తుంది, ఆ పొగ పిల్లల మెదడుకు హాని చేస్తుంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీల సేకరణ బాధ్యత తయారీదారులదే. రిక్షా నడిపేవారు పాతదాన్ని కొత్తది కొన్న దుకాణంలోనే ఇచ్చి రసీదు తీసుకోవాలి.