పేరున్న కాలేజా? మనకు సరిపోయే కాలేజా?

దసరా సెలవుల్లో హైదరాబాదు పోయి అశోక్‌నగర్‌లో మా అన్న గదిలో నాలుగు రోజులున్నాను. అన్న గ్రూప్స్‌కు చదువుతున్నడు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కుర్చీ దొరకాలంటే పొద్దున్నే పోవాలె. అక్కడ ఉస్మానియాలో చదివినవాళ్లు, జిల్లా కాలేజీల్లో చదివినవాళ్లు, దూరవిద్యలో డిగ్రీ చేసినవాళ్లు పక్కపక్కనే కూర్చుంటరు. అందరికీ ఒక్కటే ప్రశ్నపత్రం.

అన్న తన సంగతి చెప్పిండు. పేరు చూసి నగరంలో ఒక పెద్ద కాలేజీలో బీఎస్సీ చేరిండట. హాస్టల్ సీటు రాలేదు. నారాయణగూడలో గది కిరాయికి పెద్దనాయన ఎడ్లజత అమ్మిండు. ఇంగ్లీషు పాఠం అర్థం కాకపోతే అడగడానికి సిగ్గు. ఏడాదికే మానేసి, జిల్లా ప్రభుత్వ కాలేజీలో బీఏ చేరి పూర్తి చేసిండు. “కాలేజీ మంచిదే, నాకే సరిపడలేదు. ఎడ్లు మాత్రం మళ్లీ రాలేదు” అన్నడు.

అందుకే దరఖాస్తుకు ముందు నాలుగు విషయాలు కనుక్కోవాలి:

1. మనకు కావలసిన సబ్జెక్టు ఉందా?
2. హాస్టల్ సీటు దొరుకుతుందా?
3. స్కాలర్‌షిప్ పోను ఇంటి నుంచి ఎంత పెట్టాలి?
4. పాఠం ఏ మీడియంలో చెప్తరు?

2016లో వచ్చిన ‘దోస్త్’లో డిగ్రీ కాలేజీల వరుస మనమే పెట్టుకోవచ్చు. ఆ వరుస పేరును బట్టి కాదు, ఈ జవాబులను బట్టి పెట్టాలి. 2023 చట్టంతో ములుగుకు వచ్చిన సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం మన పేరు మీదిదే. అయినా దాన్ని కూడా ఇవే ప్రశ్నలు అడగాలి.

నేనూ ఉస్మానియా అనే పట్టుబట్టిన, 1918 నాటిది గదా అని. ఇప్పుడు ముందు హాస్టల్ సంగతి కనుక్కుంటున్న. వార్డెన్ సార్ గారూ, ఈ వివరాలు నోటీసు బోర్డుపై పెట్టిస్తే మాకు మేలు.

— ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థి