రక్షకుల ఋణము

2013 జూన్ 16, 17 తేదీలయందు కేదారనాథమును ముంచిన జలప్రళయమున వేలకొలది జనులు మడిసిరి. కొండలలో చిక్కువడిన యాత్రికులలో ఆంధ్రులును పెక్కుమంది యుండిరి. ఆర్తుల రక్షణకై నియుక్తమైన వైమానికదళపు ఎం.ఐ.-17 హెలికాప్టరు జూన్ 25న కేదారనాథమునుండి మరలి వచ్చుచు గౌరీకుండ సమీపమున కూలెను. అందున్న 20 మందియు అసువులు బాసిరి. అయినను రక్షణకార్యము ఆగలేదు.

ఉన్నత పర్వతములపై గాలి పలుచనగుటచే యంత్రబలము తగ్గును. ఇరుకులోయలో మబ్బు క్రమ్మినచో దారి కానరాదు. వెనుదిరుగుటకును చోటు చాలదు. ఇది యెఱిగియే ఆ వీరులు పోయిరి. వారి త్యాగమును శ్లాఘించినంతమాత్రమున మన ఋణము తీరదు. వాతావరణసూచనలు సకాలమున అందవలెను; నదీతీరములందలి కట్టడములను అరికట్టవలెను; యాత్రికుల సంఖ్యకు మితి యుండవలెను. అట్లు చేసినగాని ఇట్టి సాహసముల అవసరము తగ్గదు. ప్రభుత్వమును ప్రజలును ఆ ఇరువదిమందికి చెల్లింపవలసినది ఇదియే.