ఆయువు తీరని యంత్రములు

సియాటిల్ నగరమునకు తూర్పున, వాషింగ్టన్ సరస్సునకు ఆవల నున్న రెడ్మండ్ పట్టణమునుండి 2025 అక్టోబరు 14వ తేదీ మంగళవారమునాడు మైక్రోసాఫ్ట్ సంస్థ విడుదల చేసిన మరమ్మతులు, విండోస్ 10 అను నిర్వాహక వ్యవస్థకు అందరికిని ఉచితముగా లభించిన కడపటి మరమ్మతులు. 2015 జులై 29న వెలువడి, పదియేండ్లకు పైగా గృహములలోను కచేరీలలోను పాఠశాలలలోను కోట్లకొలది కంప్యూటర్లను నడిపిన ఆ వ్యవస్థకు ఆనాటితో పోషణ నిలిచిపోయినది. మరునాటి ఉదయమున ఏ యంత్రమును మూగవోలేదు. తెరలు వెలిగినవి, ఉత్తరములు వెడలినవి, పిల్లలు పాఠములు చదువుకొనిరి. అయినను విండోస్ 11నకు అర్హత లేని కారణమున సుమారు 24 కోట్ల కంప్యూటర్లు చెత్తకుప్పల పాలు కావచ్చునని కెనాలిస్ అను విపణి పరిశోధన సంస్థ 2023 డిసెంబరులోనే లెక్కకట్టినది. అంచనాలను అంచనాలుగానే గ్రహింపవలెను గాని, అందు నాలవవంతే నిజమైనను అది ఆరు కోట్ల యంత్రముల మాట.

చెడిపోని యంత్రమును పారవేయవలసిన అగత్యమేమి యని అడుగుట న్యాయమే. నిర్వాహక వ్యవస్థ యనునది కోట్లకొలది పంక్తుల ఆదేశముల సముదాయము. అంత గ్రంథమును ఎంతమంది నిపుణులు ఎంత శ్రద్ధతో వ్రాసినను, ఒక సమాచారమునకు కేటాయించిన జ్ఞాపకస్థానము దాటి ప్రక్కనున్న దానిపై వ్రాయుట వంటి దోషము లెక్కడనో మిగిలియే యుండును. దుర్మార్గుడు ఆ దోషమును కనిపెట్టి, దానికి తగినట్లు కూర్చిన సందేశమును పంపెనా, తన ఆదేశములను పరుని యంత్రముచే నడిపింపగలుగును. ఇట్టి దోషములను పూడ్చు మరమ్మతులను మైక్రోసాఫ్ట్ 2003 అక్టోబరు మొదలుకొని ప్రతి నెల రెండవ మంగళవారమునాడు విడుదల చేయుచున్నది. కంప్యూటరు వృత్తిలోనివారు ఆ దినమును ప్యాచ్ ట్యూస్‌డే అందురు.

సామాన్యునికి తోచని చిక్కు ఇచ్చటనే యున్నది. మరమ్మతు వెలువడిన మరుక్షణమున, పాత ఆదేశములను క్రొత్తవానితో పోల్చి చూచిన నేర్పరికి, దోషమెచ్చట నుండెనో తెలిసిపోవును. విండోస్ 10నకును విండోస్ 11నకును పునాదిలో అధికభాగము ఉమ్మడియే. ఒకే మేస్త్రి ఒకే నమూనాపై కట్టిన ఇండ్ల వరుసలో మొదటి యింటి గోడకన్నమును పట్టపగలు పూడ్చినచో, మిగిలిన యిండ్ల గోడలలో ఎచ్చట తడుముకొనవలెనో దొంగకు వేరుగ చెప్పనక్కరలేదు. కావున పోషణ నిలిచిన వ్యవస్థ నిలుకడగా నుండదు. నెలనెలకు దాని ప్రమాదము పెరుగుచుండును.

ఇది ఊహాపోహలతో చెప్పు మాట కాదు. అమెరికా జాతీయ భద్రతా సంస్థ రహస్యముగా సిద్ధపరచుకొన్న ఒక చొరబాటు సాధనము 2017 ఏప్రిలులో బహిర్గతమయ్యెను. మే 12న దాని సాయముననే వానాక్రై అను విషప్రోగ్రాము ప్రపంచమును చుట్టివేసెను. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులను త్రిప్పి పంపినవి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవారి కంప్యూటర్లు కొన్ని సైతము తాళము పడి డబ్బడిగినవి. ఆ సాధనము వాడుకొన్న దోషమునకు మరమ్మతు ఆ యేటి మార్చిలోనే లభించెను. పోషణ మూడేండ్లకు మునుపే నిలిపివేసిన విండోస్ ఎక్స్‌పీకి సైతము విపత్తు పుట్టిన వెంటనే మైక్రోసాఫ్ట్ ప్రత్యేకముగా మరమ్మతు నిచ్చెను. అయితే నాడు మిక్కిలి దెబ్బతిన్నవి ఎక్స్‌పీ యంత్రములు కావు. మరమ్మతు చేతికంది యుండియు వేసికొనక యుపేక్షించిన విండోస్ 7 యంత్రములు. మరమ్మతు ఉండవలెను, ఉన్నదానిని వేసికొనవలెను. తలచుకొన్నచో పాత వ్యవస్థకు సైతము మరమ్మతు చేయుట ఆ సంస్థకు అసాధ్యము కాదనునది కూడ నాడే రుజువైనది.

ఇక క్రొత్త వ్యవస్థ కోరు అర్హత మాట. 2021 అక్టోబరు 5న వెలువడిన విండోస్ 11, తాను కాలుమోపు యంత్రమున ట్రస్టెడ్ ప్లాట్‌ఫాం మాడ్యూల్ అను చిప్పు, సంక్షిప్తముగా టీపీఎం, రెండవ రూపాంతరమున ఉండితీరవలెనని పట్టుపట్టినది. ఈ చిన్న చిప్పు చేయు పని ప్రశంసింపదగినది. కంప్యూటరు మేల్కొనునపుడు మొదట నడుచు ప్రతి భాగమునుండి గణితపద్ధతిచే ఒక సంక్షిప్తముద్ర తీయబడును. ఆ ముద్రలు ఒకదానితో నొకటి కలిసి చిప్పులో నిక్షిప్తమగును. మధ్యలో ఎవ్వరును వెనుకకు త్రిప్పి దిద్దుటకు వీలుండదు. దుష్టప్రోగ్రాము ఏదైనను నిర్వాహక వ్యవస్థకంటె ముందుగా చొరబడి యున్నచో ముద్ర మారిపోవును. ముద్ర సరిపోలనిచో డిస్కును తెరచు రహస్యసంఖ్యను చిప్పు విడువదు. యంత్రము దొంగిలింపబడినను, డిస్కును ఊడదీసి వేరొక యంత్రమున పెట్టినను, లోని సమాచారము చదువరాని గజిబిజిగానే యుండును. ఇట్టి రక్షణను కోరిన సంస్థను తప్పుపట్టుట నా అభిమతము కాదు.

అయితే 2016 జులై చివరినుండి విండోస్‌తో అమ్ముడుపోవు క్రొత్త కంప్యూటర్లలో ఈ చిప్పు ఉండవలెనని మైక్రోసాఫ్టే నియమము చేసియుండెను. కనుక ఆ పిమ్మటి యంత్రములకు చిప్పు కొఱత లేదు. వాకిట అడ్డము నిలిచినది వేరొక జాబితా. ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదవ తరమునకు ముందు పుట్టినవానికి, అనగా ఇంచుమించు 2017 ఉత్తరార్ధమునకు ముందటివానికి, ప్రవేశము లేదు. జ్ఞాపకస్థానమును కాపాడు కొన్ని ప్రక్రియలను పాత ప్రాసెసర్లు మందగతితో చేయునని సంస్థ చెప్పిన కారణమున సత్యము కొంత లేకపోలేదు. కాని అదే సంస్థ తాను స్వయముగా అమ్మిన సర్ఫేస్ స్టూడియో 2 అను ఖరీదైన యంత్రములోని ఏడవ తరపు ప్రాసెసరును మాత్రము జాబితాలో చేర్చుకొన్నది. పొరుగువానికి గట్టిగా బిగించిన నియమము తన యింటికి వచ్చుసరికి సడలినదని చదువరి యనుకొన్నచో, నేను కాదనజాలను.

గడువు సమీపించిన కొలది అమెరికాలో వాదము ముదిరినది. పౌరప్రయోజన సంఘమైన పర్గ్ 2023లోనే విన్నపములు ఆరంభించినది. వినియోగదారుల పక్షమున దశాబ్దములుగా పనిచేయుచున్న కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ, ఉచితముగా మరమ్మతులు కొనసాగింపవలసినదని 2025 సెప్టెంబరులో సంస్థాధిపతి సత్య నాదెళ్లకు లేఖ వ్రాసినది. హైదరాబాదున పుట్టి 2014 ఫిబ్రవరినుండి ఆ పీఠమున నున్న మన తెలుగువానిని చూచి గర్వించుట సహజమే. గర్వము ప్రశ్నించుటకు అడ్డు రానక్కరలేదు. సంస్థ మాత్రము ఒక సంవత్సరపు పొడిగింపుతో సరిపెట్టినది. 2026 అక్టోబరు 13 వరకు మరమ్మతులు కావలెనన్నచో అమెరికాలోని గృహస్థుడు 30 డాలర్లు చెల్లింపవలెను, లేదా తన అమరికలను మైక్రోసాఫ్ట్ ఖాతాకు అప్పగించి ఉచితముగా పొందవలెను. వ్యాపారసంస్థలకు యంత్రమొక్కింటికి తొలియేడు 61 డాలర్లు, ఏటేటా అది రెట్టింపు. ఐరోపా ఆర్థిక మండలిలోని గృహస్థులకు మాత్రము, అచ్చటి వినియోగదారుల సంఘములు ఒత్తిడి చేసిన మీదట, ఆ యేడాది మరమ్మతులు ఉచితమైనవి. అవే మరమ్మతులు, అదే యంత్రము. సముద్రమున కీవల వెల, ఆవల ఉచితము.

పర్యావరణపు పద్దు తీసినపుడు ఈ ముప్పది డాలర్ల బేరము మరింత వింతగా కానవచ్చును. ల్యాప్‌టాప్ విషయమున, దాని జీవితకాలమున వాతావరణమున కలియు అంగారవాయువులలో అధికభాగము, యజమాని దానిని తొలిసారి తెరచుటకు ముందే, గనులలోను చిప్పుల కర్మాగారములలోను వెలువడి యుండును. మన మేజాపై అది త్రాగు విద్యుత్తు దానితో పోల్చిన స్వల్పము. కావున క్రొత్త యంత్రము విద్యుత్తును పొదుపు చేయునను మాట నిజమైనను, పాతదానిని ముందుగా పారవేసిన నష్టమును ఆ పొదుపు సాధారణముగా పూడ్చజాలదు. పాతయంత్రమును మరి నాలుగేండ్లు వాడుటయే మేలైన పొదుపు. ఐక్యరాజ్యసమితి పక్షమున వెలువడిన నివేదిక ప్రకారము 2022లో లోకమున 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థములు పోగుపడగా, అందు సక్రమముగా సేకరింపబడి శుద్ధియైనట్లు లెక్కకు వచ్చినది నూటికి 22.3 వంతులు మాత్రమే. మిగిలినదానిలో బంగారము, రాగి, కోబాల్టు వంటి విలువైన లోహములును కలవు, సీసము, పాదరసము వంటి విషములును కలవు.

మిగిలినది ఎచ్చటికి పోవుచున్నదో తెలిసికొనుటకు రెడ్మండ్ విడిచి దూరము పోనక్కరలేదు. ప్రమాదకర వ్యర్థములను బీదదేశములకు ఎగుమతి చేయకుండ నియమించు బాసెల్ ఒడంబడికపై అమెరికా 1990లో చేవ్రాలు చేసెనే గాని, నేటికిని ఆమోదింపలేదు. ఎలక్ట్రానిక్ వ్యర్థములకై దేశమంతటికి వర్తించు ప్రత్యేక చట్టము లేదు. 2003లో కాలిఫోర్నియా దారి తీయగా సుమారు సగము రాష్ట్రములు మాత్రము తమ చట్టములు తాము చేసికొన్నవి. ఆ ఒడంబడిక పేరు పెట్టుకొన్న బాసెల్ యాక్షన్ నెట్‌వర్క్ అను సంఘము సియాటిల్‌లో నున్నది. ఆ సంఘమువారు పాత కంప్యూటరు తెరలలో స్థానసూచక యంత్రములను రహస్యముగా అమర్చి విడిచిపెట్టగా, అదే నగరమున మంచిపేరు గడించిన టోటల్ రిక్లైమ్ అను శుద్ధిసంస్థకు చేరిన తెరలు హాంకాంగ్‌లో తేలినవి. అచ్చట కూలీలు రక్షణ లేని చేతులతో పాదరసపు దీపములున్న ఆ తెరలను పగులగొట్టుచుండిరి. ఆ సంస్థ యజమాను లిరువురికి 2019లో ఫెడరల్ న్యాయస్థానము 28 నెలల చొప్పున కారాగారశిక్ష విధించినది. ఇరుగుపొరుగు పట్టణములలో ఒకదానిలో యంత్రముల ఆయువును నిర్ణయించువారు, మరియొకదానిలో వాని శవయాత్రను వెంబడించువారు ఉండుట విచిత్రమైన కూడికయే.

చెత్తలోనికి పోవునది లోహము మాత్రమే కాదు. ఫైలును తుడిచివేయుమని ఆజ్ఞాపించినపుడు వ్యవస్థ చేయునది, విషయసూచికనుండి పేరు కొట్టివేయుట మాత్రమే. అక్షరములు డిస్కుపై యథాస్థానమున నుండును. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన పరిశోధకు లిరువురు పాతసరకుల విపణిలో 158 హార్డ్ డిస్కులను కొని, పనిచేయుచున్న 129 డిస్కులను పరిశీలింపగా, సక్రమముగా తుడిచినవి 12 మాత్రమే యని తేలినది. మిగిలినవానిలో వేలకొలది క్రెడిట్ కార్డు సంఖ్యలు కనబడినవి. ఆ పరిశోధన ప్రకటితమైనది 2003లో. అంతటితో బుద్ధి వచ్చినదా? పాత డిస్కులను వదిలించుకొను పనిని, ఆ విద్య ఎరుగని సామాను తరలింపు కంపెనీకి అప్పగించి, ఖాతాదారుల వివరములతో సహా అవి బయట అమ్ముడుపోవుటకు కారణమైన మోర్గన్ స్టాన్లీ సంస్థపై 2022లో అమెరికా షేర్ల విపణి నియంత్రణ మండలి 3 కోట్ల 50 లక్షల డాలర్ల జరిమానా వేసినది. ఇప్పటి ఘనస్థితి డిస్కులలో వ్రాత స్థానము మారుచుండును గనుక, పైపైన మరల వ్రాసినను పాతది మిగిలిపోవచ్చును. మొదటినుండి డిస్కునంతటిని ఎన్‌క్రిప్షన్ అను గూఢలిపిలో ఉంచి, తుదకు ఆ తాళపుసంఖ్యను నాశనము చేయుట నిశ్చయమైన మార్గము.

దోషమున్నది యంత్రములో కాదు, పోషణకాలపు హామీలో. క్రోమ్‌బుక్ యంత్రములకు పోషణ కాలము చాలుట లేదని పర్గ్ సంఘము, పాఠశాలల పక్షమున వాదించువారు గట్టిగా అడిగిన మీదట గూగుల్ సంస్థ 2023 సెప్టెంబరులో ఆ కాలమును పదియేండ్లకు పెంచినది. ఐరోపా సమాఖ్య 2025 జూన్ 20 నుండి ఫోన్ల విషయమున, ఆ నమూనా అమ్మకము నిలిచిన పిదప కనీసము ఐదేండ్లు మరమ్మతులు లభింపవలెనని శాసించినది. అమ్మకపు తుదిదినమునుండి లెక్కించుటయే ఇందలి వివేకము. విండోస్ 10 పదియేండ్లు పోషింపబడినదను మాట వ్యవస్థ పుట్టుకనుండి చేసిన లెక్క గాని, అర్హత లేని యంత్రమును 2020లో క్రొత్తదిగా కొన్నవానికి దక్కినది ఐదేండ్లే. విడిభాగములకును మరమ్మతు హక్కునకును న్యూయార్క్, మిన్నెసోటా, కాలిఫోర్నియా, ఆరెగాన్ రాష్ట్రములు చట్టములు చేసినవి. 2025లో వాషింగ్టన్ రాష్ట్రము కూడ వానిలో చేరినది. మర నట్టును మార్చుకొను హక్కు వచ్చినది. ఆదేశముల దోషమును పూడ్పించుకొను హక్కు ఇంకను రావలసి యున్నది.

అంతవరకు అమెరికాలోని మన తెలుగు కుటుంబములకు ఒక విన్నపము. క్రొత్త ల్యాప్‌టాప్ కొన్న యేడు, పాతదానిని పెట్టెలో సర్ది బెజవాడకో కరీంనగరమునకో తల్లిదండ్రులకు కొనిపోవుట మనవారి ఆచారము. పారవేయుటకంటె అది వేయిరెట్లు మేలు. కాని మరమ్మతులు నిలిచిన యంత్రముపై వారు బ్యాంకు లావాదేవీలు జరుపుదురని మరువవలదు. విమానమెక్కుటకు ముందు దానిని పొడిగింపు పథకమున చేర్పుడు. చేర్చిన యేడాది గడువులోపల లినక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థను నింపుడు. పోర్ట్‌లాండ్‌లోని ఫ్రీ గీక్ వంటి ధర్మసంస్థలు ఇరువదియైదేండ్లుగా పాతయంత్రములకు అట్టి ప్రాణమే పోసి బీదలకు పంచుచున్నవి. ఇక నిజముగా చెడిపోయినదానిని విడువదలచినచో, డిస్కును తుడిపించి, ఈ-స్టూవర్డ్స్ లేదా ఆర్2 గుర్తింపు గల కేంద్రమునకే ఇచ్చి, అచ్చటివారిని సరకు ఏ దేశమునకు పోవునో అడుగుడు.