పాత కంప్యూటరుకు ఏ డ్రైవర్లు, ఏ మాడ్యూళ్ళు?

యంత్రం పాతబడగానే స్టోరు గదిలో పడవేయడం, కొన్నేళ్ళకు తూకానికి అమ్మడం మన సంస్థలన్నింటిలోను ఉన్న ఆచారమే. మా కళాశాల స్టోరు గదిలో ఎనిమిది మెగాబైట్ల మెమొరీ గల 486 కంప్యూటరు ఒకటి, దాని ప్రక్కనే రెండు అట్టపెట్టెల ఫ్లాపీలు ఉన్నాయి. ఆ ఫ్లాపీలలో గత సంచికల తెలుగు, ఉర్దూ రచనల ప్రతులున్నాయి. వాటిలో కొన్నింటికి కాగితపు ప్రతి లభించడం లేదు. ఫ్లాపీ మీది అయస్కాంతపు పూత కాలక్రమాన క్షీణించేదే కాబట్టి ఈ పనికి గడువున్నది. యంత్రాన్ని అమ్మివేయడానికి ముందు దానిచేత ఈ ఒక్క సేవ చేయించుకోవాలని కమిటీ వారికి మేము మనవి చేస్తున్నాము. తెలుగు బోధించే వారికి ఇందులో ప్రమేయమేమని కొందరు అడుగవచ్చు. ఆ పెట్టెల్లో ఉన్నవి మన అక్షరాలే గదా!

మొదట డ్రైవరుకు, ఫైల్ సిస్టమ్‌కు గల భేదం తెలియాలి. 1.44 మెగాబైట్ల ఫ్లాపీలో 2880 సెక్టార్లుంటాయి. ఒక్కొక్కటి 512 బైట్లు. ఫలానా సెక్టారు కావాలంటే మోటారును త్రిప్పి, తలను జరిపి, ఆ 512 బైట్లను తెచ్చి ఇచ్చేది డ్రైవరు. అవి ఎవరి వ్యాసంలోనివో, ఎన్నవ పుటలోనివో దానికి తెలియదు. ఏ సెక్టారు తరువాత ఏ సెక్టారు చదివితే ఒక ఫైలు పూర్తవుతుందో చెప్పేది ఫైల్ సిస్టమ్. శక్కర్‌నగర్ చక్కెర కర్మాగారం 2015లో మూతపడింది గాని, అది నడిచిన దినాల ముచ్చట బోధన్ ప్రాంతపు విద్యార్థులు పెద్దల నోట వినే ఉంటారు. చెరకును మోసుకొచ్చేది బండి. ఏ చెరకు ఏ రైతుదో చెప్పేది కాంటా దగ్గరి రిజిస్టరు. బండి లేక రిజిస్టరు దండుగ, రిజిస్టరు లేక బండెడు చెరకు అనాథ.

డాస్‌లో ఈ రెండూ ప్రక్క ప్రక్కనే కనబడే చోటు సీడీ. సీడీ యంత్రపు డ్రైవరును కాన్ఫిగ్.సిస్ అనే ఫైలులో వ్రాస్తాము. సీడీ మీది ఫైళ్ళ అమరికను చదివే ఎమ్మెస్సీడెక్స్‌ను ఆటోఎగ్జెక్.బ్యాట్‌లో పిలుస్తాము. రెండింటిలోను ఒకే సంకేతనామం ఇవ్వాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా రెండవది మొదటిదాన్ని గుర్తించదు.

ఇలా బయటి నుంచి డ్రైవర్లను ఎక్కించుకొనే సౌకర్యం డాస్‌కు 1983 నాటి 2.0 కూర్పుతో వచ్చింది. సౌకర్యంతో పాటే చిక్కు కూడ వచ్చింది. తొలినాటి పీసీలోని 8088 ప్రాసెసరు ఒక మెగాబైటు మెమొరీనే చూడగలదు. అందులో పై 384 కిలోబైట్లు తెరకు, రామ్‌కు పోగా ప్రోగ్రాములకు మిగిలేది 640. తరువాత వచ్చిన యంత్రాలలో ఎన్ని మెగాబైట్లున్నా డాస్ ఈ హద్దును మోస్తూనే వచ్చింది. ఇక్కడ రామ్ అన్నచోట ‘రోమ్’ అని కొందరు పలుకుతారు. శాశ్వతంగా వ్రాయబడిన చిప్పు అని అర్థం చేసుకుంటే చాలు. 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలువ క్రింద సేద్యం చేసే ఇండ్ల పిల్లలకు ఈ చిక్కు వివరించనక్కరలేదు. ఎగువ తూములన్నీ తెరిస్తే చివరి ఆయకట్టుకు నీరందదు. ముందు ఎక్కిన డ్రైవర్లు ఎగువ రైతులు. మనకు అసలు కావలసిన ప్రోగ్రాము చివరి ఆయకట్టు.

హిమెమ్.సిస్‌ను మొదట, ఇఎమ్ఎమ్386ను ఆ తరువాత ఎక్కిస్తే కొన్ని డ్రైవర్లను 640కి పైనున్న ఖాళీ జాగాలలోకి పంపవచ్చు. ఈ ఏర్పాటు 1991 నాటి 5.0 కూర్పు నుంచి ఉన్నది. వరుస తప్పితే పై జాగా ఉండదు, డ్రైవర్లన్నీ మళ్ళీ క్రిందనే కూర్చుంటాయి.

మరి మన పనికి వీటిలో ఏవి కావాలి? ఫ్లాపీని నడిపే డ్రైవరు, దాని ఫ్యాట్ పట్టికను చదివే నేర్పు డాస్‌లోనే ఉన్నాయి. సీడీ, మౌసు, శబ్దపు కార్డు, వీటిలో ఏదీ అవసరం లేదు. ఆ పంక్తుల ముందు రెమ్ అని వ్రాస్తే యంత్రం వాటిని దాటిపోతుంది. తుడిచివేయడం కన్న ఇదే మేలు. స్మార్ట్‌డ్రైవ్ పట్ల మాత్రం జాగ్రత్త వహించాలి. అది పనిని వేగిరపరచే మాట నిజమే. అయితే కొన్ని కూర్పులలో వ్రాయవలసినదాన్ని కొంతసేపు మెమొరీలోనే ఉంచుతుంది. ఆ క్షణాన కరెంటు పోతే ఏమవుతుందో మన ఊళ్ళో వేసవి ఎరిగినవారికి చెప్పనేల?

ఫ్లాపీని లోపల పెట్టే ముందు వ్రాతను నిరోధించడం మరువరాదు. మూడున్నర అంగుళాల ఫ్లాపీకి మూల కిటికీ తెరిచి ఉంచాలి. ఐదుంపావు అంగుళాలదానికి ప్రక్క గంటును మూయాలి. రెంటికీ పద్ధతి తలక్రిందులు.

ఫైళ్ళను క్రొత్త యంత్రానికి పంపడానికి లినక్సు మార్గం కూడ ఉన్నది. పాత కూర్పునే ఎన్నుకోవాలి. అందులో మాడ్యూళ్ళను నడుస్తుండగానే ఎక్కించి దించవచ్చు గాని, ఎక్కినంతసేపు అవి అసలు మెమొరీలోనే ఉంటాయి, డిస్కు మీదికి జరగవు. ఎనిమిది మెగాబైట్లలో ఇది చిన్న మాట కాదు. ఫ్లాపీ మాడ్యూలు, విఫ్యాట్, విఫ్యాట్‌కు ఆధారమైన ఫ్యాట్, పేర్లలోని అక్షరాల పట్టికలు, నెట్‌వర్కు కార్డు మాడ్యూలు, ఇవి చాలు. మోడ్‌ప్రోబ్ ఆధారాలను తానే వెతికి ముందు ఎక్కిస్తుంది, ఇన్స్‌మోడ్ వెతకదు. ఎన్ఈ2000 వంటి పాత కార్డయితే దాని చిరునామాను మనమే చెప్పాలి, తనంతట తాను చెప్పుకోలేదు. ఇక హార్డ్ డిస్కు డ్రైవరు, దాని ఫైల్ సిస్టమ్ మాడ్యూలు ఆ డిస్కులోనే ఉంటే, పెట్టెకు తాళం వేసి చెవిని లోపలనే మరచినట్లవుతుంది. ఆ రెంటిని కెర్నెల్‌లోనే కలిపి ఉంచాలి.

ఇంత చేసినా మనకు అందేవి బైట్లే, అక్షరాలు కావు. తెలుగు ఫైళ్ళు ఇస్కీ సంకేతాలలో ఉంటే చిక్కు తక్కువ. 1991లో భారత ప్రమాణంగా స్థిరపడిన ఆ పద్ధతిలో ‘క’ అనే ధ్వనికి తెలుగులోను దేవనాగరిలోను ఒకే సంఖ్య. యూనికోడ్‌లోని మన లిపుల వరుస కూడ ఇస్కీ తొలి కూర్పును అనుసరించినదే, కాబట్టి మార్పిడి సులభం. ఒక్కొక్క ఫాంటుకు ఒక్కొక్క సంకేతమున్న ఫైళ్ళకు ఆ ఫాంటు ఏదో ముందు తెలుసుకోవాలి. ఉర్దూ రచనలు అధికంగా ఇన్‌పేజ్‌లో కూర్చినవి. దాని ఫైలును అదే తెరవాలి, అది విండోస్ మీద నడుస్తుంది. కనుక వాటిని ప్రస్తుతానికి ఉన్నవి ఉన్నట్లే దించి, రెండు చోట్ల భద్రపరచి, ఉర్దూ శాఖ మిత్రులకు అప్పగించడం మా ఉద్దేశం. ఓర్పుతో ఫ్లాపీకొక చీటీ అతికించి జాబితా వ్రాయగల విద్యార్థినీ విద్యార్థులు నలుగురు కావాలి. ఉత్సాహం గలవారు తెలుగు శాఖలో మమ్ములను కలువవచ్చు.