4.5 గోల్ఫ్‌లో దగ్గరి షాట్లు: బంతి దిగే చోటు

నంద్యాలలోనో, ఆళ్లగడ్డలోనో ఉండి ఈ పాఠం చదువుతున్న మీరు గోల్ఫ్ మైదానాన్ని దగ్గరగా చూసి ఉండకపోవచ్చు. గోళీలాట మాత్రం మీకు తెలుసు. వాలు నేల మీద గుంటకేసి నేరుగా వదిలితే గోళీ పల్లానికి జారిపోతుంది. అందుకే ఆటగాడు గుంటకు ఎగువన ఒక చోటు చూసుకొని అటు వదులుతాడు. గోల్ఫ్‌లో దగ్గరి షాట్లకు కూడా ఇదే ఆధారం.

4.5.1 ప్రాముఖ్యం

రంధ్రం చుట్టూ గడ్డిని నున్నగా కత్తిరించిన భాగాన్ని 'గ్రీన్' అంటారు. రంధ్రం వ్యాసం 108 మి.మీ. మాత్రమే. బంతిని 250 మీటర్లు కొట్టినా, ఒక్క మీటరు దొర్లించినా లెక్కలో ఒక దెబ్బే. కాబట్టి బలంతో సంపాదించిన లాభాన్ని గ్రీన్ దగ్గర ఒక్క పొరపాటుతో పోగొట్టుకోవచ్చు.

4.5.2 రకాలు

అ) చిప్: బంతి గాలిలో కొద్ది దూరం పోయి, నేల మీద ఎక్కువ దూరం దొర్లుతుంది.
ఆ) పిచ్: బంతి ఎత్తుగా లేచి, దిగాక తక్కువ దొర్లుతుంది. మధ్యలో ఇసుక గుంటో, నీరో ఉన్నప్పుడు ఇది అవసరం.
ఇ) బంకర్ షాట్: ఇసుక గుంటలో గ్రీన్ పక్కన పడిన బంతిని సాధారణంగా నేరుగా కొట్టరు. దాని వెనుక ఇసుకను కొడితే, ఆ ఇసుకే బంతిని పైకి లేపుతుంది.

4.5.3 ఉదాహరణ

అమెరికాలోని అగస్టా మైదానంలో 16వ హోల్ పొడవు 170 గజాలు. ఎడమ పక్కన నీటి కుంట ఉంది. గ్రీన్ కుడి నుంచి ఎడమకు బాగా వాలి ఉంటుంది. 2005 మాస్టర్స్ పోటీ చివరి రోజున టైగర్ వుడ్స్ బంతి గ్రీన్ బయట పడింది. అతడు రంధ్రం వైపు కాక, వాలు మీద చాలా ఎగువన ఉన్న చోటుకు చిప్ చేశాడు. బంతి మలుపు తిరిగి, కిందికి దొర్లి, అంచున ఒక్క క్షణం ఆగి లోపల పడింది. 2023లో, హైదరాబాదు నుంచి వలస వెళ్లిన తల్లిదండ్రులకు కాలిఫోర్నియాలో పుట్టిన సాహిత్ తీగల, తన మొదటి మాస్టర్స్ చివరి రోజున అదే హోల్‌లో అలాంటి చిప్‌తోనే బంతిని రంధ్రంలో వేశాడు. ఇద్దరూ ముందుగా ఎంచుకున్నది రంధ్రాన్ని కాదు, వాలును.

అభ్యాసం: వాలుగా ఉన్న నేల మీద ఒక గుర్తు పెట్టండి. రబ్బరు బంతిని మొదట నేరుగా గుర్తు వైపు పదిసార్లు, తర్వాత ఎగువ చోటు వైపు పదిసార్లు దొర్లించి, బంతి ఆగిన దూరాలను పోల్చండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. చిప్‌కు, పిచ్‌కు తేడా ఏమిటి?
2. వాలు గ్రీన్ మీద రంధ్రానికి నేరుగా గురి పెట్టకపోవడానికి కారణం వివరించండి.