హారంలో వర్గమూలం ఉంటే ఏం చేయాలి?

 

తొమ్మిదో తరగతి నోటు పుస్తకాలు దిద్దేటప్పుడు ఒకే తప్పు చాలామంది దగ్గర కనిపిస్తోంది. భిన్నంలో కింద వర్గమూలం వస్తే చాలు, లెక్క అక్కడే ఆగిపోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. బడిలో మనం లవం, హారం అంటాం. ట్యూషన్‌లో అవే తొగుది, పగుది అవుతాయి. పిల్లలు ఇవి రెండు వేరే పాఠాలు అనుకుంటున్నారు. కాదు. పేర్లే వేరు, లెక్క ఒకటే.

ముందు అసలు ఇది ఎందుకో చూద్దాం. వాకిట్లో చదరంగా ముగ్గు వేయాలి. ఎదురెదురు మూలల మధ్య దూరం సరిగ్గా 1 మీటరు ఉండాలి. అప్పుడు ఒక్కో భుజం 1/√2 మీటరు. √2 అంటే సుమారు 1.414. చేత్తో 1ని 1.414తో భాగించి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది. అదే పైనా కిందా √2తో గుణిస్తే √2/2 అవుతుంది. 1.414లో సగం 0.707. నోటితోనే చెప్పేయొచ్చు!

దీన్నే హారాన్ని అకరణీయం చేయడం అంటారు. ‘కరణి’ అనేది చాలా పాత మాట. యజ్ఞవేదికల కొలతలు చెప్పే శుల్బ సూత్రాల్లో చదరం కర్ణానికి ‘ద్వికరణి’ అని పేరు. ఆ కర్ణం మీద చదరం గీస్తే వైశాల్యం రెండింతలు అవుతుంది కాబట్టి ఆ పేరు.

కింద రెండు పదాలు ఉంటే మధ్యలో ఉన్న గుర్తు మార్చి గుణించాలి. గుర్తు మార్చిన దాన్ని సంయుగ్మం అంటారు.

6/(3 − √3) తీసుకోండి. పైనా కిందా (3 + √3)తో గుణిద్దాం. కింద 9 − 3 = 6 వస్తుంది. పైన 6(3 + √3). రెండు 6లూ కొట్టేస్తే జవాబు 3 + √3.

బీజగణితంలోనూ ఇదే దారి. పుస్తకంలో ఎక్స్ అని ఉన్నచోట ఇక్కడ ‘క’ అని రాస్తున్నాను.

(క − 4)/(√క − 2)

పైనా కిందా (√క + 2)తో గుణిస్తే కింద క − 4 వస్తుంది. పైన ఉన్న క − 4తో అది కొట్టుకుపోతుంది. జవాబు √క + 2. క సున్నా కన్నా తక్కువ కాకూడదు, 4 కూడా కాకూడదు. 4 అయితే హారం సున్నా అవుతుంది. సరిచూడాలంటే క = 9 వేయండి: 5/1 = 5. జవాబులో 3 + 2, అదీ 5.

పిల్లలు ఎక్కువగా చేసే తప్పులు మూడు:

1. కింద మాత్రమే గుణించి పైన వదిలేయడం.

2. గుర్తు మార్చకుండా గుణించడం. (3 − √3)ని దానితోనే గుణిస్తే 12 − 6√3 వస్తుంది. వర్గమూలం ఎక్కడికీ పోలేదు.

3. భిన్నాన్నే వర్గం చేసేయడం. 1/√2ని 1/2 అని రాస్తారు. 0.707 ఎక్కడ, 0.5 ఎక్కడ? మనం భిన్నం రూపం మారుస్తున్నాం గానీ విలువ కాదు.

అమ్మానాన్నలకు ఒక మనవి. మీకు ఈ లెక్క రాకపోయినా పరవాలేదు. పక్కన కూర్చుని రెండే ప్రశ్నలు అడగండి: “పైన కూడా గుణించావా? సరిచూశావా?” ఆ రెండూ ఏ భాషలో అడిగినా ఫరవాలేదు. తెలుగులో చదవడం వల్లే లెక్క రావడం లేదని మాత్రం బిడ్డ ముందు అనకండి. ఆ మాట ఒకసారి మనసులో పడితే తీయడం మాకు చాలా కష్టం.

ఇంట్లో చేయడానికి: 4/√8, 1/(√5 − 2), (క − 9)/(√క + 3).

జవాబులు: √2, √5 + 2, √క − 3. జవాబు చూసి రాస్తే లాభం లేదు. మెట్లన్నీ రాసి తెచ్చి నాకు చూపించండి.

– ప్రధానోపాధ్యాయులు, పళని